మూత తీసిన కూజా

పోయినవారం మనం ఉన్ని మిల్లుల ఊరు క్రాగ్‌డెన్‌ను విడిచి వచ్చేసరికి ఊరంతా పసుపుపచ్చగా ఉంది. మిల్లు గేట్ల మీద పసుపు రిబ్బన్లు, గుర్రాల చెవుల మీద పసుపు రిబ్బన్లు, కాలువ మీద బొగ్గు పడవల మొనలకు సైతం పసుపు రిబ్బన్లు. ఎదుటి పార్టీ అభ్యర్థి కల్నల్ మాల్హామ్ గారి నీలి జెండాలు నవంబరు వానకు నానిపోయి, మసికి నల్లబడి, గోడలకు అతుక్కుపోయాయి. కొత్త చట్టం నేతగాళ్ల చేతికీ ఓటిచ్చింది. ఆ నేతగాళ్లలో ఒకడిగా పుట్టి, మగ్గం ముందు నుంచి లేచి చిన్న ఉన్ని మిల్లు పెట్టుకున్న సైలస్ హెల్లివెల్, లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటులో అడుగు పెట్టడం ఖాయమని ఊరు తీర్మానించుకుంది.

సైలస్ కోరేది ఒకే ఒక్క చట్టం. ఏ వీధి జనం వద్దంటే ఆ వీధిలో పానశాల మూతపడాలి. సగం జీవితం ఆ ఒక్క మాట కోసమే అతడు వానలో నిలబడ్డాడు, రాళ్ల దెబ్బలు తిన్నాడు, పాటలు పాడాడు. పానశాల గుమ్మం తొక్కనని పెట్టుకున్న ఒట్టును ఒక్కనాడూ తప్పలేదు.

తెల్లవారితే నామినేషన్. బట్టల మార్కెట్ ఎదుట కట్టిన పలకల వేదిక మీద అతడి పేరు ఒక ఓటరు ప్రతిపాదించాలి, మరొక ఓటరు బలపరచాలి. ఆపైన జనం చేతులెత్తాలి.

తెల్లవారింది.

సైలస్ వంటింట్లో బల్ల ముందు కూర్చుని పార్కిన్ అనే అల్లం కేకు ముక్క కొరకబోతుండగా, అతడి భార్య కెజియా ఒక టీ కూజా తెచ్చి ముందు పెట్టింది. గోధుమరంగు మట్టి కూజా. పొట్ట మీద తెల్లని అక్షరాలతో వాళ్ల ప్రార్థనామందిరం ఎబెనెజర్ చాపెల్ పేరు. చాపెల్ ఆడవాళ్లు ఏ సభకైనా టీ కాచి పోసేది ఆ కూజాలతోనే.

"వాసన చూడు" అంది కెజియా.

"టీ కూజాకి వాసనేంటి?"

"ముందు చూడు. పాఠం తర్వాత చెబుదువుగాని."

సైలస్ మూత తీశాడు. ముక్కు దగ్గరకు తీసుకున్నాడు. తీసుకున్నవాడు కదలలేదు. వంటింటి పొయ్యి, కిటికీ, భార్య ముఖం అన్నీ ఎక్కడికో వెనక్కి జరిగిపోయి, అతడి ఎదుట ఒక కోటు నిలబడింది. శనివారం సాయంత్రాల్లో తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చే తండ్రి కోటు. తల్లి ఆ కోటును గోడకు తగిలించినప్పుడల్లా ఇల్లంతా ఇదే వాసన నిండేది.

"బీరు" అన్నాడు.

"సోడా వేసి రుద్దాను. ఇసక వేసి రుద్దాను. ఒక్క కూజా కాదు సైలస్, అన్నీ అంతే."

సైలస్‌కు ఒక్కొక్కటిగా అర్థమైంది. చాపెల్ బడిగది కప్పు కారుతోందనీ, ఓటర్లకు టీ విందు ఇవ్వాలంటే ఫ్లీస్ పానశాల మేడగది తప్ప పెద్ద గది దొరకదనీ, టీ ఎక్కడ తాగినా టీయేననీ చెప్పింది పార్టీ అధ్యక్షుడు ఆంబ్రోస్ బార్‌ఫోర్డ్. పసుపు చీటీలు అచ్చు వేయించింది ఆయనే. ఈ చీటీ చూపినవారికి హెల్లివెల్ మిత్రుల పేర టీ ఇవ్వబడును, అని ఉన్న ఆ చీటీల మీద తన ముద్ర వేసింది మాత్రం సైలస్ స్వయంగా. విందు ఎలా జరుగుతోందో చూడటానికి అతడు వెళ్లలేదు. వెళ్లడని బార్‌ఫోర్డ్‌కు తెలుసు. ఊరందరికీ తెలుసు.

"ఎవరు తెచ్చిచ్చారు వీటిని?"

కెజియా ఏప్రాను అంచు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "నాన్న. తోపుడుబండి మీద తనే తోసుకొచ్చాడు."

"ఆయనకి తెలియలేదా?"

"ఈమధ్య ఆయన ముక్కు సరిగా పనిచేయట్లేదు" అంది, కిటికీ వైపు చూస్తూ.

కెజియా తండ్రి ఎలిఫలెట్ సట్‌క్లిఫ్. మద్యనిషేధ సంఘానికి పెద్ద. యవ్వనంలో ఉన్ని కత్తిరించే యంత్రం ఆయన కుడిచేతి వేళ్లు రెండింటిని తీసుకుపోయింది. మిగిలిన మూడు వేళ్లతో ఆయన ఎందరి చేతులో పట్టుకుని ప్రతిజ్ఞ చేయించాడు. తాగి కాలువలో పడ్డ తన తండ్రి శవాన్ని బయటికి తీసిన మర్నాడు, ఆ ఒడ్డునే ఏడవడం కూడా చేతకాక నిలబడ్డ కుర్ర నేతగాడు సైలస్ చేతిని పట్టుకున్నది ఆ మూడు వేళ్లే.

బయట చక్రాల చప్పుడు. తలుపు తట్టే అలవాటు లేని మనిషి తలుపు తోసుకుని వచ్చాడు. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన పొగగొట్టం ఆంబ్రోస్ బార్‌ఫోర్డ్‌దే, అన్నిటికన్నా ఎత్తైన టోపీ కూడా ఆయనదే.

"ఏంటి సైలస్, ఇంకా తింటున్నావా? బండెక్కు. బయట బ్యాండువాళ్ల పెదాలు బూరలకి అతుక్కుపోతున్నాయ్."

"టీ బాగా కాచారట బార్‌ఫోర్డ్ గారూ."

బార్‌ఫోర్డ్ కూజాను చూశాడు. సైలస్‌ను చూశాడు. అబద్ధం వెతుక్కోవడానికి కూడా శ్రమపడలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"చూడు నాయనా. నిజంగా టీయే పోస్తే ఎవరొస్తారు? నీ భార్య, మీ మామగారు, చాపెల్ ముసలమ్మలు నలుగురు. ముసలమ్మలకి ఓట్లున్నాయా?"

"లేవు. అందుకేగా మమ్మల్ని కూజాలు మాత్రం అడిగారు" అంది కెజియా.

"అమ్మాయ్, నేను మాట్లాడేది..."

"నా వంటింట్లో మాట్లాడుతున్నారు."

బార్‌ఫోర్డ్ ఆమెను వదిలేశాడు. గొంతు తగ్గించాడు. ఆ గొంతులో వ్యాపారం తప్ప కోపం లేదు. "సైలస్, లెక్క నువ్వే చూసుకో. ఈ వారం ఒక్క పానశాలలో బీరు పారింది. ఆ బీరు మీద నువ్వు లండన్ చేరతావ్. చేరి దేశంలో పానశాలలన్నీ మూయిస్తావ్. ఎంతమంది తండ్రులు శనివారం తిన్నగా ఇంటికొస్తారో ఆలోచించు. నువ్వు నోరు తెరిస్తే ఏమవుద్ది? కల్నల్ గెలుస్తాడు. బీరు కాచేవాళ్లు పండగ చేసుకుంటారు. నీ చట్టం నీతోనే చస్తుంది. నీ మనసు తెల్లగా ఉంటుంది, సరే. ఆ తెలుపు ఎవరి పిల్లలకి అన్నం పెడుతుంది?"

ఆ మాటలో బలం లేకపోలేదు. సైలస్ దాన్ని తోసిపారేయలేకపోయాడు. తండ్రి కోటు ఇంకా కళ్ల ముందే ఉంది. అలాంటి కోట్లు దేశమంతా గోడలకు వేలాడుతున్నాయి. వాటిని దించగల చట్టం ఒక్క పూట మౌనానికి దొరుకుతోంది. అడిగింది అబద్ధం కూడా కాదు. మౌనమే.

"బార్‌ఫోర్డ్ గారూ, ఆ చట్టం తెచ్చేది నా నోరేగా?"

"అంతే మరి!"

"ఇవాళ మూసుకున్న నోరు అక్కడ తెరుచుకోదు. తెరిచినా మీరు మూయిస్తారు. కూజా ముక్కు ఎటు తిప్పాలో ఇక ఎప్పటికీ మీకు తెలుసు."

బార్‌ఫోర్డ్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "నీ పేరు ప్రతిపాదించాల్సింది నేను. నువ్వు నోరు విప్పితే నేను విప్పను. నా మిల్లుల్లో పనిచేసేవాడు ఎవడైనా నీకు చేయెత్తాడా, ఆ చేతికి సోమవారం నుంచి పనుండదు. బహిరంగంగా ఎత్తాల్సిన చేతులు సైలస్. నేను ముందు వరసలో కూర్చుంటా. నా చూపు బాగానే ఉంది."

బండి వెళ్లిపోయింది. బ్యాండు కూడా బండి వెంటే వెళ్లిపోయింది.

సైలస్ కూజాను చంకన పెట్టుకుని లేచాడు. కెజియా శాలువా కప్పుకుంది.

"నువ్వెక్కడికి?"

"కూజా చాపెల్‌ది. పగిలితే నేను జవాబు చెప్పాలి."

ఫ్లీస్ పానశాల గుమ్మం రాయి నడిమధ్య అరిగి గుంటపడి ఉంది. ఆ రాయి ముందు ప్రతి శనివారం నిలబడి, సంఘం వాళ్లతో కలిసి, సైలస్ కీర్తనలు పాడేవాడు. రాయికి ఇవతల ఎన్ని పగుళ్లున్నాయో అతడికి తెలుసు. అవతల ఏముందో తెలియదు. ఒక్క క్షణం కాలు లేవలేదు. మరుక్షణం, గడ్డకట్టిన చెరువు మీద అడుగు వేసేవాడిలా, లోపలికి అడుగు వేశాడు.

లోపల వాసన తప్ప అతడు ఊహించినదేదీ లేదు. రుద్ది కడిగిన బల్లలు, ఎర్రని నిప్పు, నిప్పు ముందు పిల్లి. గ్లాసు తుడుస్తున్న ఈరా మిడ్‌గ్లీ తలెత్తి చూసి, గ్లాసును చాలా నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు."

"మరేంటయ్యా? ఇన్నేళ్లు నా గుమ్మం ముందు పాడావ్, ఒక్క శనివారం శ్రుతి కుదర్లేదు. ఇవాళ పాడకుండా లోపలికొచ్చావంటే ఎవరో పోయుండాలనుకున్నా."

ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క మగ్గాల వాళ్లు. ఒకేరోజు ఎలిఫలెట్ ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నవాళ్లు. సైలస్ ఒట్టు నిలిచింది. ఈరా ఒట్టు వేసవి దాటలేదు, తండ్రి పానశాలకే తిరిగిపోయాడు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్య కీర్తనలు తప్ప మాటలు లేవు.

సైలస్ కూజాను బల్ల మీద పెట్టాడు. "ఇందులో పొయ్యి."

"ఏం పొయ్యమంటావ్?"

"వారమంతా ఏం పోశావో అదే."

ఈరా ముఖం చెవుల దాకా ఎర్రబడింది. సైలస్ ఎదురుచూసింది ఎగతాళి. వచ్చింది సిగ్గు.

"నేనొద్దన్నా. నీ తోడు, వద్దన్నా. నా బీరు నేనే కాస్తాను సైలస్. మా నాన్న కాచాడు, నేను కాస్తున్నా. దానికో రంగుంది, నురగుంది. గ్లాసులో నిలబడి నలుగురికి మొహం చూపించుకునే బీరు అది. దాన్ని తీసుకెళ్లి టీ కూజాలో పోసి, మూతపెట్టి, ముక్కులోంచి కారుస్తారా? దొంగసొత్తులాగా? బార్‌ఫోర్డ్‌తో అదే చెప్పా. గ్లాసుల్లో పోస్తే చాపెల్ వాళ్లు చూస్తారన్నాడు. చాపెల్ వాళ్లు చూడ్డమేంటి నా తలకాయ! సగం బల్లల దగ్గర కూర్చుంది వాళ్లే!"

"ఎవరెవరు?"

"అది చెప్పను." ఈరా చూపు కెజియా మీద ఒక్క రెప్పపాటు ఆగి, పిల్లి మీదకు జారింది. "ఇక్కడ ఎవరు కూర్చున్నారో వాళ్ల పెళ్లాలకే ఏనాడూ చెప్పలేదు. నీకు చెప్తానా?"

పీపా దగ్గరకు వెళ్లి కూజా నింపి తెచ్చాడు. మూత పెట్టబోయాడు. సైలస్ ఆ మూతను తీసి జేబులో వేసుకున్నాడు.

బట్టల మార్కెట్ ముందు జనం గొడుగుల అడవిలా ఉన్నారు. ఇటు పసుపు, అటు నీలం, మధ్యన చెక్క అడుగుల బూట్లు రాళ్ల మీద టకటకలాడించే మిల్లు జనం. రెండు చేతులా మూతలేని కూజాను పట్టుకుని, చుక్క ఒలకకుండా సైలస్ నడిచి వస్తుంటే ముందు వరసలు నవ్వాయి. ఆ నవ్వు వెనక వరసలకు పాకింది.

"టీ తెచ్చాడ్రోయ్!"

"పాలు కలిపావా సైలస్?"

"కల్నల్‌కి ముందు పొయ్యి, చలికి బిగుసుకుపోయాడు!"

నవ్వని వాళ్లూ ఉన్నారు. పసుపు రిబ్బన్ల కింద కొన్ని ముఖాలు కూజాను గుర్తుపట్టి, చటుక్కున తమ బూట్ల వైపు చూసుకున్నాయి.

వేదిక మీద ముందు వరసలో బార్‌ఫోర్డ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన వెనక మద్యనిషేధ సంఘం పట్టు జెండా, దాని కింద బెంచీ మీద కర్రకు గడ్డం ఆనించుకుని ఎలిఫలెట్. కల్నల్ పేరు ప్రతిపాదన, బలపరచడం చిటికెలో ముగిశాయి. మేయర్ గొంతు సవరించుకుని బార్‌ఫోర్డ్ వైపు చూశాడు. బార్‌ఫోర్డ్ ఆకాశం వైపు చూశాడు.

సైలస్ ముందుకు వచ్చాడు. "మేయరు గారూ, ఒక్క మాట."

"ప్రతిపాదన లేనిదే మీరు అభ్యర్థి కారు హెల్లివెల్ గారూ. అభ్యర్థి కానిదే మాట్లాడకూడదు."

"అభ్యర్థిగా కాదు. కూజా తెచ్చినవాడిగా."

మేయర్ జవాబు వెతుక్కునేలోగా సైలస్ కూజాను ఎత్తి వంచాడు. వేదిక పలకల మీద గోధుమరంగు ధార పడింది. తెల్లని నురగ లేచి, పలకల సందుల్లోంచి కిందికి జారింది. ఆ వాసనకు ముందు వరసలో నవ్వు చచ్చిపోయింది.

"మీ అందరికీ తెలిసిన టీయే ఇది!" సైలస్ గొంతు పొగగొట్టాలకు తగిలి తిరిగి వచ్చింది. "నా పేరుతో పోశారు. చీటీ మీద ముద్ర నాది. నాకు తెలియదని చెప్పుకోవచ్చు. చెప్పుకోను! పానశాల గుమ్మం తొక్కనివాడినని తలెత్తుకు తిరిగాను. ఆ గుమ్మం వెనకే నా పేరు అమ్ముడుపోయింది. ఇవాళ తొక్కాను. అలా ఒట్టు తప్పాను, ఇదిగో మీ ఎదుటే చెప్తున్నాను!"

నీలం వైపు నుంచి ఈలలు లేచాయి.

"ఈలలెయ్యండి! మీ బీరు గ్లాసుల్లో వచ్చింది, మాది కూజాల్లో వచ్చింది, అంతేగా తేడా! ఇక పసుపు కట్టుకున్నవాళ్లు వినండి. పార్లమెంటుకి వెళ్తే నేను నడిచి వెళ్తాను. బీరులో తేలుతూ వెళ్లను! నాకు చేయెత్తేవాడు ఒక్క మాట గట్టిగా చెప్పి ఎత్తాలి. తాగాను అని చెప్పండి, లేదా తాగలేదని చెప్పండి. ఏదైనా నాకు సరే. మూత పెట్టిన చెయ్యి మాత్రం నాకొద్దు!"

జేబులోంచి మూత తీసి బార్‌ఫోర్డ్ ఒడిలో పెట్టి, ఖాళీ కూజాను వేదిక అంచున నిలబడ్డ కెజియా చేతికి అందించాడు.

"హెల్లివెల్ గారిని ప్రతిపాదించే ఓటరు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు మేయర్. బార్‌ఫోర్డ్ మెడ మెల్లగా తిరిగింది, మిల్లు గేటు మూసినట్టు. ఆయన చూపు పడిన చోటల్లా చేతులు జేబుల్లోకి పోయాయి.

"నేనున్నా!"

జనం రెండుగా చీలారు. ఏప్రానైనా విప్పకుండా, తడిసిన జుట్టుతో ఈరా మిడ్‌గ్లీ ముందుకు వచ్చాడు.

"ఈరా మిడ్‌గ్లీ, ఫ్లీస్ పానశాల. తాగానా అంటే, మేయరు గారూ, నిన్న తాగాను, పొద్దున తాగాను, దేవుడి దయుంటే సాయంత్రమూ తాగుతాను." నవ్వులు పేలాయి. ఈరా నవ్వలేదు. "ఈ మనిషి గెలిస్తే నా కొట్టు మూయిస్తాడు. ఆ పని చేయకుండా నా చేతనైనంత అడ్డుపడతాను. కానీ నన్ను మొహం మీద తిట్టినవాడు ఈ ఊళ్లో వీడొక్కడే. మిగతావాళ్లు వీధిలో నన్ను చూసి గొడుగు అడ్డం పెట్టుకున్నారు, మేడ మీద కూజా చాపారు. సైలస్ హెల్లివెల్‌ని ప్రతిపాదిస్తున్నా. రాసుకోండి!"

బార్‌ఫోర్డ్ నోరు తెరిచాడు ఎట్టకేలకు. "భేష్! పానశాలవాడు ప్రతిపాదించాడు. ఇక బలపరచడానికి బీరుబండి గుర్రం రావాలి!"

"అదొస్తే మీకన్నా నిజాయితీగా సకిలిస్తుంది" అన్నాడు ఈరా.

మేయర్ గడియారం తీశాడు. బలపరిచే ఓటరు ఎవరైనా ఉన్నారా? గొడుగులు కదల్లేదు. మళ్లీ అడిగాడు. వెనక వరసల్లో ఎవరో దగ్గారు, దగ్గినందుకు భయపడి ఊరుకున్నారు. సైలస్ నిటారుగా నిలబడ్డాడు. ఓడిపోవడం ఎలా ఉంటుందో అతడికి తెలుసు. వానలో నిలబడటం లాగే ఉంటుంది. మొదట చలి, తర్వాత అలవాటు. మేయర్ మూడోసారి అడగడానికి ఊపిరి తీసుకున్నాడు.

సైలస్ వెనక కర్ర ఒకటి పలకల మీద పడిన చప్పుడైంది.

తిరిగి చూశాడు. పట్టు జెండా కింద, ఆసరా లేకుండా, ఎలిఫలెట్ సట్‌క్లిఫ్ లేచి నిలబడి ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి గాలిలో ఉంది. ఆ చెయ్యి ఎవరిదో క్రాగ్‌డెన్‌లో ఎవరికీ చెప్పనవసరం లేదు.

చాపెల్ బెంచీల నుంచి ఊరట నిట్టూర్పు లేచింది. ఇక భయం లేదు, సంఘం పెద్దే లేచాడు, తాగలేదు అనే మాట ఊళ్లో ఆయనకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు! పసుపు రిబ్బన్లలో కదలిక మొదలైంది. కెజియా మాత్రం కూజాను రెండు చేతులా గుండెకు అదుముకుంది. ఈరా తల దించుకున్నాడు.

"ఎలిఫలెట్ సట్‌క్లిఫ్" అన్నాడు ముసలాయన. మళ్లీ అన్నాడు, ఈసారి చివరి వరస దాకా వినిపించేలా. "బలపరుస్తున్నాను. నేను... తాగాను."

బార్‌ఫోర్డ్ ఒడిలోంచి కూజా మూత జారి, బీరు తడిలో గుండ్రంగా తిరిగి పడింది.

మేయర్ గడియారం మూశాడు. ఎటు చూడాలో తెలియక, చివరికి సైలస్ వైపు తిరిగాడు.

"హెల్లివెల్ గారూ, షరతు పెట్టింది మీరు. ఈ చెయ్యి మీకు సమ్మతమేనా?"

ఒకనాడు కాలువ ఒడ్డున తన చేతిని పట్టుకున్న చెయ్యి అది. సైలస్ పెదాలు విడివడ్డాయి. ఎదుట వానలో మూడు వేళ్లు తడుస్తున్నాయి. కిందికి మాత్రం దిగడం లేదు.